రాత్రి ఫెయిలై పొద్దున పాసయ్యే టెస్ట్

మా టీమ్‌లో రెండు నెలల పాటు రోజుకి ఒక్కసారైనా వినపడిన మాట, "అది ఫ్లేకీ టెస్టే, రీరన్ కొట్టు." ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను. టెస్ట్ అంటే మా కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రామ్, కోడ్ మారకపోయినా ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యేదాన్ని ఫ్లేకీ అంటాం, రీరన్ అంటే మళ్లీ నడిపించడం. కొత్తగా చేరిన ఫ్రెషర్ అమ్మాయికి మొదటి వారంలోనే నేర్పించాను కూడా, ఈ ఒక్క టెస్ట్ ఎర్రగా కనిపిస్తే కంగారుపడకు, మళ్లీ నడిపించు, అదే పాస్ అవుతుంది అని. ఆ టెస్ట్ రెండు నెలలుగా నిజమే చెబుతోందని, మేమే వినలేదని తెలిసిన రాత్రి గురించి, ఆ తర్వాత మిగతా టెస్టుల్లో ఏమేం బయటపడ్డాయో దాని గురించి రాస్తున్నాను. వెబ్ అప్లికేషన్ల మీద పనిచేసేవాళ్లకి ఎక్కడో ఒకచోట పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తాను.

మేము చేసేది క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్లు బుక్ చేసే అప్లికేషన్. వెనక సర్వర్ వైపు జాంగో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, ముందు బ్రౌజర్‌లో కనిపించే పేజీలకి రియాక్ట్. టెస్టులు ఆరువందల పైచిలుకు, అందులో డెబ్బై దాకా ప్లేరైట్ అనే టూల్‌తో నిజంగా బ్రౌజర్ తెరిచి, బటన్లు నొక్కి, పేజీలో ఏం కనిపించిందో చూసేవి. ఎవరు కోడ్ పుష్ చేసినా, అంటే తమ మార్పులు పంపినా, ఇవన్నీ సీఐ సర్వర్ అనే టెస్టులు నడిపే మెషీన్ మీద నడవాలి, అన్నీ గ్రీన్ అయితేనే ఆ మార్పుల్ని అసలు కోడ్‌లో కలిపే మెర్జ్ బటన్ తెరుచుకుంటుంది.

మమ్మల్ని సతాయించిన టెస్ట్ చాలా చిన్నది. డాక్టర్‌కి రేపటి తేదీన పది గంటలకి ఒక స్లాట్ పెట్టాలి, పేజీ తెరవాలి, "రేపు" అనే బటన్ నొక్కాలి, ఆ పది గంటల స్లాట్ కనిపించాలి. అంతే. కొన్నిసార్లు కనిపించేది, కొన్నిసార్లు "ఎదురుచూశాను, రాలేదు, టైమ్ అయిపోయింది" అని టెస్ట్ పడిపోయేది. మేము ముందుగా అనుమానించింది సీఐ మెషీన్‌ని. పాపం, రెండు కోర్ల మెషీన్, పేజీ నెమ్మదిగా వస్తోందేమో అని, టెస్ట్ ఊరికే ఆగి ఉండే రెండు సెకన్ల స్లీప్‌ని ఐదు చేశాం. తర్వాత ఫెయిలైతే దానంతట అదే మూడుసార్లు మళ్లీ నడిచేలా సెట్టింగ్ పెట్టాం. అయినా అప్పుడప్పుడు పడుతూనే ఉంది. రాత్రి పడినవాళ్లు విసుగొచ్చి ల్యాప్‌టాప్ మూసేసి పడుకునేవాళ్లు, పొద్దున ఆఫీసుకొచ్చి రీరన్ కొడితే గ్రీన్. ఇక ఫ్లేకీ అనే పేరు దానికి ఖాయమైపోయింది.

ఇందులో ఎక్కువ నలిగిపోయింది డల్లాస్‌లో ఉండే మా సీనియర్ అన్న. ఆయన అక్కడ లంచ్ చేసి వచ్చి మధ్యాహ్నం పూట కోడ్ పుష్ చేస్తారు, చేసిన ప్రతిసారీ ఈ టెస్ట్ ఫెయిల్. మా పుష్‌లు ఎప్పుడో ఒకటి పడితే ఆయనవి దాదాపు అన్నీ పడేవి. రోజూ జరిగే స్టాండప్ మీటింగ్‌లో ఎవరూ పైకి అనలేదు గానీ, ఆయన మార్పుల్లోనే ఏదో తేడా ఉందని అందరి మనసులో ఉంది. ఆయన మార్పులున్న బ్రాంచ్‌ని మేమే పొద్దున రీరన్ చేసి, గ్రీన్ అయ్యాక మెర్జ్ చేసేవాళ్లం. అలా చేసిపెట్టడం సాయమనే అనుకున్నాం.

ఒక గురువారం రాత్రి రిలీజ్ ఉంది. పన్నెండు దాటింది, అన్నీ సిద్ధం, ఆ ఒక్క టెస్ట్ ఎర్రగా ఉంది. రీరన్ కొట్టాను. ఫెయిల్. మళ్లీ కొట్టాను. నాలుగుసార్లూ ఫెయిల్, లోపల మూడేసి చొప్పున లెక్కేస్తే అంతకు మూడింతలు. అప్పుడు నాకు మొదటిసారి గట్టిగా తట్టింది, నిజంగా ఫ్లేకీ అయితే ఇన్నిసార్లలో ఒక్కసారైనా పాస్ అవ్వాలి కదా. బొమ్మా బొరుసూ ఆటలో వరసగా పన్నెండుసార్లు బొరుసే పడితే నాణేన్ని చేతిలోకి తీసుకుని చూస్తాం. రెండు నెలల్లో ఆ టెస్ట్ లాగ్‌ని ఆఖరి లైన్ వరకు నేను చదవలేదు. ఎర్ర గుర్తు చూడటం, పేరు చూడటం, "ఓహ్ అదేనా" అనుకోవడం, బటన్ నొక్కడం, ఇంతే చేశాను.

ఆ రాత్రి చేసిన మొదటి పని, గత అరవై రోజుల్లో ఈ టెస్ట్ ఎప్పుడెప్పుడు పడిందో సీఐ నుంచి తీసి ఒక షీట్‌లో పెట్టడం. ముప్పై ఎనిమిది సార్లు పడింది. బ్రాంచ్ పేరు వారీగా చూశాను, ఏమీ తేలలేదు. ఎవరు పుష్ చేశారో చూశాను, డల్లాస్ అన్న పేరు ఎక్కువగా ఉంది, అది తెలిసిందే. తర్వాత టైమ్ కాలమ్‌ని మన టైమ్‌లోకి మార్చి సార్ట్ చేశాను. ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిదీ రాత్రి పన్నెండుకీ తెల్లవారుజామున ఐదున్నరకీ మధ్యలో ఉన్నాయి. ఒక్కటి కూడా బయట లేదు. ఆ కాలమ్ చూస్తుంటే చేతులు చల్లబడ్డాయి.

ఐదున్నర అనే అంకె చూడగానే మన దేశంలో ప్రోగ్రామర్లకి వెలగాల్సిన లైటు ఒకటి ఉంది. మన టైమ్ యూటీసీ కంటే, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే టైమ్ కంటే, ఐదున్నర గంటలు ముందు. మన ప్రామాణిక రేఖాంశం 82.5 డిగ్రీల తూర్పు, కాకినాడ దగ్గరగా వెళ్తుంది, గంటకి 15 డిగ్రీల లెక్కన అది సరిగ్గా ఐదున్నర గంటలు. అంటే మనకి అర్ధరాత్రి తేదీ మారినా, యూటీసీలో మారాలంటే మన తెల్లవారుజాము 5:30 దాకా ఆగాలి. మధ్యలో ఆ ఐదున్నర గంటలు మనకి ఒక తేదీ, యూటీసీలో దాని ముందు తేదీ. మా అమ్మమ్మ పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, అర్ధరాత్రి దాటి ఒంటిగంటైనా అది ఇంకా నిన్నటి వారమే. యూటీసీ గడియారం మన నేల మీద చేసేది దాదాపు అదే.

అప్పుడే డల్లాస్ లెక్క కూడా వేశాను. ఎండాకాలంలో వాళ్లు యూటీసీకి ఐదు గంటలు వెనక. మన రాత్రి 12 నుంచి 5:30 అంటే అక్కడ మధ్యాహ్నం 1:30 నుంచి సాయంత్రం 7 వరకు. లంచ్ తర్వాత ఆయన కూర్చుని పనిచేసే టైమ్ మొత్తం అందులోనే ఉంది.

అప్పటికీ అది ఊహే. రుజువు కావాలి కాబట్టి ట్రేస్ తెరిచాను. ప్లేరైట్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఫెయిలైన టెస్టుకి ట్రేస్ దాచమని ఒక ఆప్షన్ పెడితే చాలు, ప్రతి క్లిక్‌కి ముందు పేజీ ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, సర్వర్‌కి ఏ రిక్వెస్ట్ వెళ్లింది, కన్సోల్‌లో ఏం వచ్చింది అన్నీ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. మేము ఆ ఆప్షన్ పెట్టి ఏడాదైంది, తెరిచి చూసినవాళ్లు తక్కువ. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఉంది మొత్తం కథ. మనకి 14వ తేదీ వచ్చేసింది, టెస్ట్ స్లాట్ పెట్టింది 15కి. "రేపు" నొక్కితే బ్రౌజర్ సర్వర్‌ని అడిగింది 14వ తేదీ స్లాట్లు. సర్వర్ అడిగినదానికి నిజాయితీగా ఖాళీ జాబితా ఇచ్చింది. టెస్ట్ పది గంటల స్లాట్ కోసం చూసి చూసి పడిపోయింది.

ఎందుకలా అడిగిందో చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫ్రంటెండ్ కోడ్‌లో, అంటే బ్రౌజర్‌లో నడిచే కోడ్‌లో, ఈరోజు తేదీ కావాల్సిన చోట, జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్ట్ మీద టు ఐఎస్ఓ స్ట్రింగ్ పిలిచి, వచ్చినదాంట్లో మొదటి పది అక్షరాలు కత్తిరించి వాడుతున్నాం. చూడటానికి చక్కగా ఉంటుంది, ఏడాది, నెల, తేదీ వరసగా వస్తాయి. కానీ ఆ ఫంక్షన్ ఎప్పుడూ యూటీసీలోనే ఇస్తుంది, కంప్యూటర్ హైదరాబాద్‌లో ఉన్నా అంతే, ఫోన్ విజయవాడలో ఉన్నా అంతే. వెనక జాంగో వైపు టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని సరిగ్గానే పెట్టాం. రెండు వైపులా "ఈరోజు" అనే మాటకి రెండు అర్థాలు, రోజుకి పద్దెనిమిదిన్నర గంటలు రెండూ ఒకటే, మిగతా ఐదున్నర గంటలు వేరు.

ఇక్కడ నాకు అసలైన భయం వేసింది. ఇది సీఐ మెషీన్‌కి సంబంధించిన సంగతి కాదు. అదే కోడ్ రోగుల ఫోన్లలో నడుస్తోంది. అర్ధరాత్రి దాటాక ఎవరు పేజీ తెరిచినా "ఈరోజు" అంటే నిన్న, "రేపు" అంటే ఈరోజు. మరి ఇన్నాళ్లూ ఎవరూ గొడవ చేయలేదేంటి?

దీనికి జవాబు దొరకడానికి ఒక రోజు పట్టింది. రాత్రి పన్నెండున్నరకి మేలుకుని ఉన్నవాళ్లు "రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అంటే వాళ్ల ఉద్దేశం పడుకుని లేచాక అని. క్యాలెండర్ ప్రకారం అది ఈరోజే. మనలో చాలామందిమి నిద్రపోతేనే రోజు మారినట్టు మాట్లాడతాం. అలాంటివాళ్లు "రేపు" నొక్కారు, మా తప్పు కోడ్ పొద్దున స్లాట్లే చూపించింది, వాళ్లకి కావలసిందీ అదే, హాయిగా బుక్ చేసుకున్నారు. రెండు తప్పులు కలిసి ఒప్పులా కనిపించాయి. దెబ్బతిన్నది మాత్రం తేదీని సరిగ్గా లెక్కపెట్టుకునేవాళ్లు. "ఈరోజు" నొక్కినవాళ్లకి స్లాట్లు లేవని వచ్చింది, ఎందుకంటే పేజీ అడిగింది దాటిపోయిన రోజు గురించి. సరే ఈరోజు ఖాళీ లేదు కాబట్టి రేపే అని "రేపు" నొక్కినవాళ్లు, మర్నాడు క్లినిక్‌కి వెళ్తే "మీ అపాయింట్‌మెంట్ నిన్న అండీ, మీరే రాలేదు" అని రిసెప్షన్‌లో చెప్పారు. మా బటన్ల మీద తేదీ కూడా రాయలేదు, ఈరోజు, రేపు, ఎల్లుండి అని మాటలే.

సపోర్ట్ టికెట్లలో వెతికితే నాలుగు దొరికాయి. నాలుగింటినీ "రోగి తేదీ పొరపాటుగా చూసుకున్నారు" అని రాసి మూసేశారు. సపోర్ట్ వాళ్ల తప్పు కూడా కాదు, వాళ్లు పగటిపూట పేజీ తెరిచి చూశారు, అంతా సరిగ్గానే కనిపించింది.

మరుసటి రాత్రి డల్లాస్ అన్నకి కాల్ చేశాను. మెసేజ్‌లో చెప్పాలనిపించలేదు. "అన్నా, రెండు నెలల నుంచి మీ కోడ్‌లో ఏ తప్పూ లేదు, మీరు పుష్ చేసే టైమ్‌కి ఇక్కడ అర్ధరాత్రి దాటుతోంది" అని మొత్తం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను రోజూ నా మార్పులే మళ్లీ మళ్లీ చదువుకుంటున్నానమ్మా, ఎక్కడ పాడుచేశానో తెలియక" అన్నారు. ఒక టెస్టుకి ఫ్లేకీ అని పేరు పెట్టి వదిలేయడం వల్ల ఒక మనిషి మీద ఇంత భారం పడుతుందని నేను అంతకుముందు ఆలోచించలేదు.

బాగుచేయడం పెద్ద పని కాలేదు. ఈరోజు ఏ తేదీ అనేది ఇకపై క్లినిక్ టైమ్‌జోన్ ప్రకారం సర్వరే చెబుతుంది, పేజీ సొంతంగా లెక్కపెట్టదు. బటన్ల మీద "రేపు, శనివారం 15" అని వారం, తేదీ రాశాం. తేదీ లెక్కించే ఫంక్షన్ గడియారాన్ని తానే చూడకుండా, "ఇప్పుడు" అనేదాన్ని బయటి నుంచి తీసుకునేలా మార్చాం. దీనివల్ల వచ్చిన సుఖం చెప్పలేనిది. రాత్రి 12:30 అయితే ఏమవుతుంది, 5:29కి ఏమవుతుంది, 5:31కి ఏమవుతుంది అని పట్టపగలు కూర్చుని టెస్ట్ రాయొచ్చు. బ్రౌజర్ వైపు కూడా ప్లేరైట్‌లో టైమ్‌జోన్ మనమే పెట్టే వీలుంది, 1.45 వెర్షన్ నుంచి పేజీ గడియారాన్ని మనకి కావలసిన క్షణం దగ్గర ఆపే వీలూ ఉంది. మీ టెస్టుల్లో ఎక్కడైనా నిజం గడియారం మీద ఆధారపడే లైన్ ఉంటే దాన్ని ముందు పట్టుకోండి. నెలాఖరున మాత్రమే పడే టెస్టులు, ఫిబ్రవరి 29న మాత్రమే పడే టెస్టులు అన్నీ ఈ కుటుంబానివే.

ఈ సంఘటన తర్వాత మా లీడ్‌ని ఒక వారం అడిగి తీసుకున్నాను, ఫ్లేకీ అని పేరుపడిన ప్రతి టెస్టునీ విప్పి చూడటానికి. గూగుల్ వాళ్లు 2016లో తమ టెస్టింగ్ బ్లాగులో ఒక లెక్క రాశారు. వాళ్ల టెస్ట్ రన్నులన్నిట్లో ఫ్లేకీగా తేలేవి 1.5 శాతమే, కానీ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతోకొంత ఈ జబ్బు ఉంది, పాస్ నుంచి ఫెయిల్‌కి మారిన సందర్భాల్లో 84 శాతం ఫ్లేకీ టెస్టుల వల్లే. ఆ 84 నన్ను చాలాకాలం తప్పుదారి పట్టించింది. చూశావా, ఫెయిలైనవాటిలో ఎక్కువ భాగం ఉత్తివే అని సర్దిచెప్పుకునేదాన్ని. ఇప్పుడు అదే అంకెని చూస్తే మిగతా 16 శాతాన్ని ఎంత సులువుగా పోగొట్టుకుంటామో కనిపిస్తోంది. పైగా మా రాత్రి టెస్టుని ఎవరైనా లెక్కేస్తే ఆ 84లోనే కలిపేసేవాళ్లు.

ఆ వారంలో మొదట దొరికింది మా ఫ్రెషర్ తెచ్చిన కేసు. "అక్కా, నేను రాసిన కొత్త టెస్ట్ పాస్ అవుతోంది, కానీ నేను ముట్టుకోని పాత టెస్ట్ ఒకటి ఫెయిల్ అవుతోంది" అంది. ఆ పాత టెస్టుని ఒక్కదాన్నే నడిపితే పాస్. అన్నీ కలిపి నడిపితే ఫెయిల్. ఇలా ఒంటరిగా ఒకలా, గుంపులో ఒకలా ఉంటే దాదాపు ఎప్పుడూ ముందు నడిచిన టెస్ట్ ఏదో మిగిల్చిపోయిందని అర్థం. ఏది మిగిల్చిందో తెలుసుకోవడానికి, దానికి ముందు నడిచిన టెస్టుల్ని సగానికి విడగొట్టి, ఈ సగంతో కలిపితే పడుతోందా, ఆ సగంతో కలిపితే పడుతోందా అని చూసుకుంటూ పోవాలి. రెండొందల టెస్టులున్నా ఏడెనిమిది సార్లలో దొంగ దొరుకుతుంది.

మా కేసులో దొంగ కొత్త టెస్టే, కానీ తప్పు పాతదానిది. పాత టెస్ట్ ఒక డాక్టర్‌ని తయారుచేసి, ఆయన పేజీ అడ్రస్ చివర 1 అని ఉంటుందని నమ్మి నేరుగా ఆ పేజీకి వెళ్లేది. జాంగోలో ప్రతి టెస్ట్ అయ్యాక డేటా మొత్తం వెనక్కి పోతుంది, అది నిజమే. కానీ పోస్ట్‌గ్రెస్‌లో కొత్త నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ మాత్రం వెనక్కి పోదు, ట్రాన్సాక్షన్, అంటే ఒక గుంపుగా చేసిన మార్పులు, రద్దయినా వాడిన నంబర్ వాడినట్టే. ముందు ఇంకో టెస్ట్ ఒక డాక్టర్‌ని తయారుచేస్తే, మనకి వచ్చేది 2. ఇన్నాళ్లూ ఆ పాత టెస్ట్ ఫైల్ పేరు అక్షరక్రమంలో ముందుండటం వల్ల మొదట నడిచేది, కొత్త ఫైల్ పేరు దానికంటే ముందొచ్చింది. నేను ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను గానీ కీబోర్డ్ ముట్టుకోలేదు, విడగొట్టడం అంతా తనే చేసింది. దొరికినప్పుడు తన ముఖం చూడాల్సింది.

ఆ తర్వాత పైటెస్ట్ రాండమ్‌లీ అనే ప్లగిన్ పెట్టాం. ప్రతిసారీ టెస్టుల వరసని పేకముక్కల్లా కలిపేస్తుంది, ఏ సీడ్‌తో, అంటే ఏ అంకెతో మొదలుపెట్టి కలిపిందో మొదట్లోనే చెబుతుంది, అదే సీడ్ ఇస్తే అదే వరసలో మళ్లీ నడిపించుకోవచ్చు. మొదటి రోజే ఇంకో తొమ్మిది టెస్టులు పడ్డాయి. రెండింటిలో, ఏ వరసలో కావాలో డేటాబేస్‌కి చెప్పే ఆర్డర్ బై లేకుండా జాబితా తెచ్చి మొదటి రికార్డు ఫలానాది అని నమ్మాం. పోస్ట్‌గ్రెస్ అలాంటి మాట ఎప్పుడూ ఇవ్వలేదు, ఒక రికార్డుని అప్‌డేట్ చేస్తే అది జాబితాలో వేరే చోటికి వెళ్లిపోవచ్చు. మిగతావి క్యాష్‌లో, అంటే త్వరగా అందడానికి తాత్కాలికంగా దాచే చోట, మిగిలిపోయిన విలువలు. వీటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్కొక్కటి పావుగంట పని.

ఎదురుచూడటం తెలియని టెస్టులు మాత్రం ఎక్కువ టైమ్ తిన్నాయి. 2014లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 51 అపాచీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టుల్ని సరిచేసిన 201 కమిట్లు, అంటే కోడ్ మార్పులు, తీసుకుని కారణాలు వెతికితే, అన్నిటికంటే పెద్ద కారణం ఇదే, వెనక విడిగా నడిచే అసింక్ పని పూర్తయ్యేదాకా సరిగ్గా ఆగకపోవడం, దాదాపు 45 శాతం. మా దగ్గర స్లీప్ అనే మాట వెతికితే ముప్పై ఒక్క చోట్ల ఉంది. స్లీప్ రెండు విధాలా నష్టమే, పేజీ త్వరగా వచ్చినా ఊరికే కూర్చుంటాం, ఆలస్యమైతే ఫెయిలవుతాం. ప్లేరైట్ క్లిక్ చేసేముందు తనే ఆగి చూస్తుంది, అందుకని చాలామందికి అన్నిచోట్లా ఆగుతుందనే నమ్మకం ఉంటుంది. ఇక్కడే చిక్కు. ఈజ్ విజిబుల్ అని అడిగితే ఆ క్షణంలో ఉందా లేదా అని వెంటనే జవాబు చెప్పేస్తుంది, ఆగదు. ఎక్స్‌పెక్ట్‌తో టు బీ విజిబుల్ అని రాస్తేనే కనిపించేదాకా, మామూలుగా ఐదు సెకన్ల వరకు, మళ్లీ మళ్లీ చూస్తుంది. చదవడానికి రెండూ ఒకేలా ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో పేజీ రెప్పపాటులో వస్తుంది కాబట్టి మొదటిదీ పాస్ అవుతుంది, సీఐలో పడుతుంది, "నా మెషీన్‌లో వస్తోంది" అనే పాత గొడవ మొదలవుతుంది. స్లీప్‌లన్నీ తీసేశాక బ్రౌజర్ టెస్టులు నాలుగు నిమిషాలు ముందే పూర్తవుతున్నాయి.

ఇక అన్నిటికంటే ఎక్కువసేపు నన్ను తల పట్టుకునేలా చేసింది తెలుగు. మా అప్లికేషన్ తెలుగులో కూడా ఉంది, క్లినిక్ బ్రాంచిల పేర్లు తెలుగులో వెతకొచ్చు. ఒక టెస్ట్ ఫెయిలైంది, మెసేజ్ ఏంటంటే, "హైదరాబాద్" అని రావాలి, కానీ "హైదరాబాద్" అని వచ్చింది. ఎంత దగ్గరగా పెట్టి చూసినా అక్షరం తేడా లేదు. ఖాళీలున్నాయేమో అని చూశాం, లేవు. చివరికి రెండింటి పొడవు ప్రింట్ చేస్తే ఒకటి 9, ఇంకోటి 10.

సంగతేంటంటే, కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వానికి ఒక కోడ్ ఉంది, 0సీ48. అదే గుర్తుని ఎత్వం, దానికింద ఐత్వపు తోక అని రెండు ముక్కలుగా, 0సీ46, 0సీ56గా కూడా రాయొచ్చు. తెరమీద రెండూ ఒకటే బొమ్మ, కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు. మాకు వచ్చిన బ్రాంచిల ఫైల్ మధ్యలో ఏదో టూల్ గుండా వెళ్లినప్పుడు ఐత్వాలన్నీ విడిపోయాయి. మామూలుగా కీబోర్డ్ మీద కొట్టి వెతికేవాళ్లకి హైదరాబాద్ దొరకదు, మైలవరం దొరకదు, నెల్లూరు మాత్రం చక్కగా దొరుకుతుంది. లోపలికి వచ్చే ప్రతి పేరునీ, వెతికే ప్రతి మాటనీ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఇలా విడిపోయిన ముక్కల్ని ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ రూపంలోకి, మార్చాక తగ్గింది. తెలుగులో అప్లికేషన్లు చేసేవాళ్లు ఈ ఒక్క లైన్ మొదటి రోజే పెట్టుకోమని నా విన్నపం. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో మధ్యన కనపడకుండా ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్‌తో కూడా జాగ్రత్త, దాన్ని ఎన్ఎఫ్‌సీ తీసెయ్యదు, వెతుకులాట కోసం మనమే పక్కన పెట్టాలి. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే టెస్టులు రాస్తే ఇవేవీ ఎప్పటికీ బయటపడవు, మన జనం మాత్రం రోజూ ఇబ్బందిపడతారు. మా టెస్ట్ డేటాలో ఇప్పుడు పేర్లన్నీ ఐత్వాలు, వట్రసుడులు, జంట ఒత్తులు ఉన్నవే ఏరి పెట్టాం.

వారం చివరికి ఫ్లేకీ జాబితాలో పద్నాలుగు ఉంటే పదమూడింటికి కారణం తెలిసింది. అందులో మూడు, అంటే రాత్రి తేదీ, తెలుగు వెతుకులాట, క్యాష్ ఒకటి, నిజంగా వాడేవాళ్లకి తగిలే తప్పులు. మిగిలిన పద్నాలుగోది బిల్లు పీడీఎఫ్ టెస్ట్, ఇంకా పట్టుబడలేదు. దాన్ని పక్కన వేరే గుంపులో పెట్టి, పడినప్పుడల్లా టైమ్, సీడ్, మెషీన్, ట్రేస్ నాలుగూ దాస్తున్నాం. మూడుసార్లు మళ్లీ నడిపించే సెట్టింగ్ తీసేశాం. మొదటి రెండు రోజులు అందరికీ టెన్షన్‌గా ఉంది, ఎర్ర గుర్తు వస్తే తప్పించుకోవడానికి లేదు కదా. డల్లాస్ అన్న బ్రాంచ్ ఆయన మధ్యాహ్నం రెండింటికి మొదటిసారి గ్రీన్ అయినప్పుడు ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టారు, ఏమీ రాయలేదు, ఉత్త స్క్రీన్‌షాట్.

మూసేసిన ఆ నాలుగు టికెట్లూ మళ్లీ తెరిపించాను. రాత్రి పన్నెండు, ఐదున్నర మధ్య జరిగిన బుకింగ్‌లు, వాటిలో రానివాళ్ల జాబితా తీసి క్లినిక్‌లకి ఇచ్చాం. సపోర్ట్ టీమ్ వాళ్లు నలుగురికీ ఫోన్ చేసి తప్పు మాదేనని చెప్పారు. అందులో ఒకావిడ, జ్వరంతో ఉన్న పిల్లాడి కోసం రాత్రి ఒంటిగంటకి బుక్ చేసి, మర్నాడు వెళ్లి తిరిగొచ్చినావిడ, మొత్తం విని, "నేను సరిగ్గానే నొక్కానని ఆ రోజే చెప్పాను కదమ్మా" అన్నారట.